నల్ల గుర్రం ఇస్తానంటే ప్రోనోటు కాదు

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా బావ భోజనాలయ్యాక నన్ను అరుగు మీదకి పిలిచి తన ఫోను నా చేతిలో పెట్టాడు. "నువ్వు కంప్యూటర్లు చదివావు కదా, ఇది సాక్ష్యం కింద పనికొస్తుందేమో చూడు" అన్నాడు. చూశాను. యూపీఐలో మూడు రోజులు వరసగా లక్ష చొప్పున మూడు లక్షలు వెళ్ళాయి. పంపింది మా బావ. పుచ్చుకున్నది ఆయనతో ఇంటర్మీడియట్ చదివిన స్నేహితుడు, హైదరాబాదులో కర్రీ పాయింట్ పెట్టుకోవడానికి. పంపేటప్పుడు సందేశం రాసే చోట మా బావ ఏం రాశాడయ్యా అంటే "ఆల్ ద బెస్ట్" అని.

అప్పటికి రెండేళ్ళ నాలుగు నెలలయ్యింది. కర్రీ పాయింట్ మూతపడింది. ఇప్పుడా స్నేహితుడు "అది అప్పు కాదురా, నువ్వు పెట్టిన పెట్టుబడి. లాభమొస్తే పంచుకునేవాళ్ళం, నష్టమొచ్చింది, ఏం చేస్తాం" అంటున్నాడట. మా బావ గుంటూరులో తెలిసిన లాయరు దగ్గరికి వెళితే ఆయన మొదట అడిగిన ప్రశ్న "కాగితం ఏదీ?" అని. డబ్బు వెళ్ళిందనడానికి బ్యాంకు దగ్గర రికార్డుంది, సెకన్లతో సహా. కానీ ఎందుకు వెళ్ళిందో చెప్పే కాగితం లేదు.

మా బావకి అర్థం కానిది, నిజం చెప్పొద్దూ, నాకూ అర్థం కానిది ఇదే. మా తాతయ్య కాలంలో రూపాయి స్టాంపు అంటించిన తెల్ల కాగితానికున్న బలం, ఇన్ని సర్వర్ల గుండా వెళ్ళి వచ్చిన లావాదేవీకి ఎందుకు లేదు? పండగ సెలవులు ఇంకా రెండ్రోజులున్నాయి. కూర్చుని చట్టాలు చదివాను. చదువుతుంటే ఇది మా బావ గొడవని మించిన కథ అనిపించింది. డబ్బు అంటే ఏమిటి, డబ్బు ఇస్తానన్న మాట అంటే ఏమిటి అని మన దేశంలో 140 ఏళ్ళకి పైగా జరుగుతున్న నిర్వచనాల కథ అది. నేను లాయర్ని కాదు. రోజూ స్పెసిఫికేషన్లు చదివి తిట్టుకునే వాణ్ణి. ఆ కళ్ళతోనే చదివాను.

మొదలు 1881 నుంచి. ఆ ఏడాది వచ్చిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (1882 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది) ఇవాళ్టికీ నడుస్తోంది. దాని మొదటి చిత్తు 1866లో తయారైంది. మరుసటి ఏడు సభలో పెడితే ఇంగ్లీషు పద్ధతికి ఇది చాలా తేడాగా ఉందని వర్తకులు అడ్డుపడ్డారు. తిరగరాశారు, మళ్ళీ తిరగరాశారు. చివరికి నాలుగో చిత్తు చట్టమైంది. అంటే 15 ఏళ్ళు పట్టింది! మన ప్రాజెక్టులు ఆలస్యమయ్యాయని బాధపడక్కర్లేదు :) తమాషా ఏమిటంటే, ఇంగ్లండులో ఇదే విషయం మీద బిల్స్ ఆఫ్ ఎక్స్ఛేంజ్ చట్టం 1882లో గానీ రాలేదు. ఈ ఒక్క విషయంలో వాళ్ళకన్నా ఒక ఏడాది ముందున్నాం.

ఆ చట్టం మూడు కాగితాల్ని నిర్వచిస్తుంది. నాలుగో సెక్షన్లో ప్రామిసరీ నోటు, అంటే మన ప్రోనోటు. అయిదో సెక్షన్లో బిల్ ఆఫ్ ఎక్స్ఛేంజ్. ఆరో సెక్షన్లో చెక్కు. ప్రోనోటంటే "నేను ఇస్తాను" అని రాసిచ్చే మాట. బిల్లంటే "ఫలానా వాడికి ఇవ్వు" అని ఇంకొకడికి చేసే ఆజ్ఞ. ఆ ఆజ్ఞ బ్యాంకుకి చేస్తే, అడిగిన వెంటనే ఇవ్వాలంటే, అది చెక్కు. ఒకటి వాగ్దానం, రెండోది ఆజ్ఞ. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో పనుంది.

ప్రోనోటు నిర్వచనంలో ఒక్కో ముక్కా ఒక్కో షరతు. రాతలో ఉండాలి. సంతకం ఉండాలి. ఏ షరతూ లేకుండా ఇస్తాననాలి. ఇచ్చేది ఇంత అని తేలాలి. ఎవరికో తేలాలి. ఇచ్చేది డబ్బే అయ్యుండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా అది ప్రోనోటు కాదు. చట్టం రాసినవాళ్ళు దీనికి ఉదాహరణలు కూడా ఇచ్చారు, అచ్చం మనం టెస్ట్ కేసులు రాసినట్టు. బీకి 500 రూపాయలు ఇస్తానంటే పాస్. బీకి వెయ్యి రూపాయలు బాకీ ఉన్నాను, అడిగినప్పుడు తీరుస్తాను అంటే అదీ పాస్. ఉత్తినే "మీకు వెయ్యి బాకీ" అంటే ఫెయిల్, ఎందుకంటే బాకీ ఒప్పుకున్నాడు గానీ తీరుస్తానని అనలేదు. సీని పెళ్ళి చేసుకున్న ఏడు రోజులకి 500 ఇస్తానంటే ఫెయిల్, పెళ్ళి జరగొచ్చు, జరక్కపోవచ్చు. 500 రూపాయలతో పాటు జనవరి 1న నా నల్ల గుర్రాన్ని కూడా ఇస్తానంటే అదీ ఫెయిల్. గుర్రం డబ్బు కాదు కదా! రంగు కూడా చెప్పి మరీ ఉదాహరణ రాసిన ఆ మహానుభావుడెవరో గానీ నాకు తెగ నచ్చేశాడు.

ఇప్పుడు మన ఊళ్ళలో అచ్చు ఫారాలుగా దొరికే ప్రోనోటు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అప్పుగా తీసుకున్న రొక్కం ఇంత అని ఉంటుంది. మీరు కోరినప్పుడు ఇస్తాననీ, మీకు గానీ మీ ఆర్డరు పొందినవారికి గానీ ఇస్తాననీ ఉంటుంది. చిన్నప్పుడు తాతయ్య ట్రంకుపెట్టెలో ఇలాంటివి కట్టగా ఉండేవి. ఆ "ఆర్డరు పొందినవారికి" అన్నమాట అక్కడెందుకుందో నాకెప్పుడూ తెలీలేదు. ఊరికే పాత కాలపు భాష అనుకునేవాణ్ణి. కాదు. ఆ కాగితం చేతులు మారగల కాగితమని ఆ రెండు మాటలు తేటగా చెబుతాయి. వెనక సంతకం పెట్టి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు.

అంతే కాదు. ఇక్కడికి ఇంకో చట్టం వచ్చి చేరుతుంది, 1899 నాటి స్టాంపుల చట్టం. డబ్బిస్తానన్న కాగితం మీద సాక్షి సంతకం ఉండి, ఆర్డరుకి గానీ పట్టుకొచ్చినవాడికి గానీ ఇస్తానన్న మాట లేకపోతే, స్టాంపుల చట్టం దృష్టిలో అది ప్రోనోటు కాదు, బాండు. బాండుకి స్టాంపు డ్యూటీ వేరు, ఎక్కువ. మనవాళ్ళు ప్రోనోటు మీద ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించుకోవడం మామూలే, చట్టం అడగకపోయినా. కాబట్టి ఆ "ఆర్డరు" అన్న మాట ఎగిరిపోతే ప్రోనోటు కాస్తా బాండైపోతుంది. ఆ ఫారం మొదట తయారుచేసినవాడికి రెండు చట్టాలూ తెలుసన్నమాట.

ఇంకా చిత్రం చూడండి. పెళ్ళయ్యాక ఇస్తానన్న కాగితం 1881 చట్టం ప్రకారం ప్రోనోటు కాదని చెప్పుకున్నాం కదా. స్టాంపుల చట్టం మాత్రం తన నిర్వచనంలో షరతులున్న కాగితాల్ని కూడా ప్రోనోట్లలో కలిపేసుకుంది. అంటే అదే కాగితం వసూలు దగ్గర ప్రోనోటు కాదు, స్టాంపు దగ్గర ప్రోనోటే! ఒకే పేరు, రెండు నేమ్‌స్పేసులు, రెండు అర్థాలు. సర్కారు వారికి రావాల్సిన పైకం దగ్గర నిర్వచనం కాస్త సాగుతుంది, అంతే.

స్టాంపు సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. మామూలుగా ఏదైనా దస్తావేజుకి స్టాంపు తక్కువైతే కోర్టులో జరిమానా కట్టి సరిచేసుకునే వీలుంటుంది. ప్రోనోటుకి ఆ వీలు లేదు. స్టాంపు లేని ప్రోనోటు సాక్ష్యంగా పనికిరాదు, జరిమానా కడతానన్నా సరే. స్టాంపు అంటించి దాన్ని రద్దు చేయకపోయినా స్టాంపు లేనట్టే. మనవాళ్ళు స్టాంపు మీదుగా అడ్డంగా సంతకం పెట్టించేది అందుకే. ఇది ఆచారం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మళ్ళీ 1881కి వద్దాం. ఆ చట్టం మొదటి సెక్షన్లోనే ఒక మినహాయింపుంది. ప్రాచ్య భాషలో రాసిన పత్రాల విషయంలో స్థానికంగా ఉన్న ఆచారాల జోలికి ఈ చట్టం పోదు అని. ప్రాచ్య భాష అంటే మనదే! తెలుగు, గుజరాతీ, మార్వాడీ అన్నీ. ఎందుకీ మినహాయింపంటే, అప్పటికే దేశమంతా హుండీల మీద నడుస్తోంది. కొత్త సిస్టం పెట్టినా పాతది ఆపలేరు కాబట్టి వదిలేశారు. మన భాషలో చెప్పాలంటే లెగసీ సపోర్టు.

హుండీ అంటే మనకి గుడిలో హుండీయే గుర్తొస్తుంది. వర్తకుల హుండీ వేరు. ఒక ఊరి షావుకారు ఇంకో ఊళ్ళో ఉన్న షావుకారుకి, ఈ కాగితం తెచ్చినవాడికి ఇంత ఇవ్వమని రాసే చీటీ అది. చూపించగానే ఇవ్వాల్సింది దర్శనీ హుండీ, గడువు పెట్టింది ముద్దతీ హుండీ. షాజోగ్ హుండీ అయితే ఎవడు పడితే వాడు తెస్తే ఇవ్వరు, బజార్లో పరువున్న షావుకారు ద్వారా రావాలి. దొంగిలించినవాడికి పనికిరాదు. జోఖమీ హుండీ ఇంకా తెలివైనది, సరుకు క్షేమంగా చేరితేనే డబ్బు, ఓడ మునిగితే లేదు. అప్పూ, ఇన్సూరెన్సూ ఒకే కాగితంలో! ఇది షరతు ఉన్న కాగితం కాబట్టి నాలుగూ అయిదూ సెక్షన్ల పరీక్షలో నిలబడదు. అయినా ఆచారం పేరుతో బతికింది. హుండీ పోతే దానికి నకలు పేఠ్, అదీ పోతే పర్‌పేఠ్. బ్యాకప్‌కి బ్యాకప్ అన్నమాట.

ఆ హుండీకి తర్వాత ఏమైంది? గల్ఫుకి వెళ్ళిన మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వాళ్ళని అడగండి. వాళ్ళ నోట హుండీ అంటే బ్యాంకుతో పనిలేకుండా ఇంటికి డబ్బు చేర్చే దారి. అక్కడ ఒకడికి దిర్హాములిస్తే ఇక్కడ ఇంకొకడు ఇంటికొచ్చి రూపాయలిచ్చి పోతాడు. డబ్బు సరిహద్దు దాటదు, మాటే దాటుతుంది. 1973 నాటి ఫెరా కింద ఇలాంటిదానికి జైలు కూడా ఉండేది. 1999 చట్టం ఫెమా (2000 జూన్ నుంచి అమలు) దాన్ని ముఖ్యంగా జరిమానాల వ్యవహారం చేసింది గానీ, అధీకృత సంస్థల ద్వారా కాకుండా ఇలా విదేశాల డబ్బు పుచ్చుకోవడం ఇప్పటికీ తప్పే. 1881లో చట్టం గౌరవంగా పక్కకి తప్పుకుని దారిచ్చిన మాట, వందేళ్ళు తిరక్కుండానే పోలీసు కేసుల్లో మాటైపోయింది. పాపం, గుడిలో హుండీకి మాత్రం ఏ సెక్షనూ అంటుకోలేదు.

అన్నట్టు ఫెమాలో "కరెన్సీ" నిర్వచనం చూస్తే కళ్ళు తిరుగుతాయి. నోట్లు సరే. పోస్టల్ ఆర్డర్లు, మనీయార్డర్లు, చెక్కులు, డ్రాఫ్టులు, ట్రావెలర్స్ చెక్కులు, బిల్లులు, ప్రోనోట్లు, క్రెడిట్ కార్డులు అన్నీ కరెన్సీయే. అదీ చాలక 2000లో రిజర్వు బ్యాంకు డెబిట్ కార్డుల్నీ ఏటీఎం కార్డుల్నీ కూడా అందులో చేర్చింది. ఆ చట్టం ఉద్దేశం డబ్బు దేశం దాటే దారులన్నీ మూయడం. కాబట్టి వల వెడల్పుగా వేసింది. 1881 చట్టం ఉద్దేశం కాగితం చేతులు మారేటప్పుడు పుచ్చుకునేవాడికి ధైర్యం ఇవ్వడం. కాబట్టి అది జల్లెడలా వడకట్టింది. నిర్వచనం అనేది నిజం కనుక్కోవడానికి రాయరు, పని జరగడానికి రాస్తారు. ఇది నాకు బాగా ఆలస్యంగా తెలిసిన సంగతి.

మరి మన జేబులో నోటు? ధారకుడికి ఇన్ని రూపాయలు చెల్లిస్తానని గవర్నరు సంతకం ఉంటుంది కదా దాని మీద. మాట ఉంది, సంతకం ఉంది, షరతు లేదు. ప్రోనోటు లక్షణాలన్నీ ఉన్నాయి. అందుకే నాలుగో సెక్షన్లో బ్రాకెట్లు పెట్టి మరీ, బ్యాంకు నోట్లూ కరెన్సీ నోట్లూ ప్రోనోట్లు కావు అని రాశారు. దీని వెనకా చరిత్రుంది. ఒకప్పుడు బెంగాల్ (1809), బొంబాయి (1840), మద్రాసు (1843) ప్రెసిడెన్సీ బ్యాంకులు తమ నోట్లు తామే వేసుకునేవి. 1861 పేపర్ కరెన్సీ చట్టంతో ఆ హక్కు ప్రభుత్వం తీసేసుకుంది. 1934 రిజర్వు బ్యాంకు చట్టం 31వ సెక్షన్ ఇంకో అడుగు వేసింది. పట్టుకొచ్చినవాడికి చెల్లిస్తానని ఎవరూ ప్రోనోటు రాయకూడదు, రిజర్వు బ్యాంకూ కేంద్ర ప్రభుత్వమూ తప్ప. ఎందుకంటే పేరు లేని ప్రోనోటు చేతులు మారుతూ పోతే అదే కరెన్సీ అయిపోతుంది. మా తాతయ్య నోట్లలో పేరు తప్పకుండా ఉండేదంటే, అది మర్యాద కోసం మాత్రమే కాదన్నమాట.

ఈ 31వ సెక్షన్ ఇటీవల మళ్ళీ వార్తల్లోకొచ్చింది. 2017లో దానికి ఒక ఉపసెక్షన్ చేర్చి ఎలక్టోరల్ బాండ్లకి దారిచ్చారు. పేరుకి బాండు. పథకంలో దాన్ని నిర్వచించింది మాత్రం ప్రోనోటు తరహా పత్రమని, పట్టుకొచ్చినవాడికి చెల్లేదని, కొన్నవాడి పేరుగానీ పుచ్చుకున్నవాడి పేరుగానీ ఉండదని. 1934 నుంచి ఎవరికీ ఇవ్వని వెసులుబాటు రాజకీయ పార్టీల చందాలకి దొరికింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. పేరు లేని ప్రోనోటుని చూసి 1934 వాళ్ళు ఎందుకు భయపడ్డారో ఆ ఏడేళ్ళూ చూస్తే తెలుస్తుంది.

ఇక చెక్కులు. వీటి కథ ఇంకా సరదాగా ఉంటుంది. వచ్చే నెల తేదీ వేసి ఇచ్చిన చెక్కు ఇవాళ చెక్కేనా? అడగ్గానే ఇవ్వాల్సిందే చెక్కు కదా మరి. 1993లో ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, ఆ తేదీ వచ్చేదాకా అది బిల్ ఆఫ్ ఎక్స్ఛేంజ్, ఆ తేదీన చెక్కుగా మారుతుంది అని. కాగితం డ్రాయర్లోనే ఉంటుంది, అర్ధరాత్రి దాని టైపు మారిపోతుంది! మేం రాసే ప్రోగ్రాముల్లో ఇలా చేస్తే రివ్యూలో చీవాట్లు తినాలి.

చెక్కు బౌన్సయితే జైలన్నది 1881లో లేదు. 1988లో చట్టాన్ని సవరించి 138వ సెక్షన్ పెట్టారు, 1989 ఏప్రిల్ 1 నుంచి అమలు. మొదట ఏడాది దాకా శిక్ష, 2002 సవరణతో రెండేళ్ళ దాకా. ఆ 2002 సవరణలోనే ఎలక్ట్రానిక్ చెక్కుని కూడా చేర్చారు. కాగితపు చెక్కుకి అచ్చమైన అద్దపు ప్రతిబింబం అని నిర్వచనం ఇచ్చారు. అంటే ఎలక్ట్రానిక్ చెక్కు రాయాలంటే ముందు కాగితం చెక్కు రాయాలి! ఆ కాగితం లేకుండా చేద్దామనే కదా ఇదంతా. పైగా అద్దంలో అక్షరాలు తిరగబడతాయన్న సంగతి కూడా ఎవరికీ తట్టినట్టు లేదు. ఈ బగ్ సరిచేయడానికి 2015 దాకా పట్టింది. ఇప్పుడు కంప్యూటర్లోనే రాసి డిజిటల్ సంతకం చేసినదని మార్చారు.

బాగుంది. మరి ప్రోనోటుని కూడా ఫోన్లోనే రాయొచ్చా? ఇక్కడే మా బావ లాంటివాళ్ళకి దెబ్బ. 2000 నాటి ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ రాతకి కాగితంతో సమానమైన విలువిచ్చింది గానీ, కొన్నిటిని మినహాయించింది. అందులో చెక్కు తప్ప మిగతా నెగోషియబుల్ పత్రాలున్నాయి. 2022 సెప్టెంబరులో ఆ మినహాయింపుని కొంచెం సడలించారు. రిజర్వు బ్యాంకు, సెబీ లాంటి నియంత్రణ సంస్థల కిందున్న బ్యాంకులూ ఫైనాన్సు కంపెనీల పేరున అయితే డిమాండు ప్రోనోటు ఎలక్ట్రానిక్‌గా రాయొచ్చు. స్నేహితుడికి స్నేహితుడు రాస్తే మాత్రం కుదరదు. కంపెనీ మనకి అప్పిస్తే డిజిటల్ ప్రోనోటు చెల్లుతుంది, మా బావ అప్పిస్తే చెల్లదు. దీనిలో న్యాయమేమిటో మీరే ఆలోచించండి.

ఇక యూపీఐ. 2016 ఏప్రిల్లో మొదలైంది. ఇది ఏ నిర్వచనం కిందకొస్తుంది? 1881 చట్టంలో వెతికితే లాభం లేదు. 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టానికి (2008 ఆగస్టు 12 నుంచి అమలు) రావాలి. ఈ చట్టం రాసినవాళ్ళు పాతవాళ్ళలా పత్రాన్ని నిర్వచించలేదు. వ్యవస్థని నిర్వచించారు. పేమెంట్ సిస్టం అంటే ఏమిటి, చెల్లింపు ఆదేశం అంటే ఏమిటి, ఎలక్ట్రానిక్ నిధుల బదిలీ అంటే ఏమిటి. ఆ బదిలీ నిర్వచనం చదివితే ఏముంది? ఒక మనిషి తన ఖాతాలోంచి తియ్యమనో వెయ్యమనో బ్యాంకుకి ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇచ్చే ఆదేశం. అంతే.

అంటే ఆజ్ఞ. చెక్కు జాతి. వాగ్దానం కాదు. మొదట్లో గుర్తుపెట్టుకోమన్నది ఇదే. యూపీఐ చెప్పేది "ఇచ్చాను" అని. ప్రోనోటు చెప్పేది "ఇస్తాను" అని. మొదటిది ఇచ్చినవాడి చర్య, రెండోది పుచ్చుకున్నవాడి మాట. మా బావ ఫోన్లో ఆయన చేసిన మూడు చర్యలున్నాయి. స్నేహితుడి మాట మాత్రం లేదు. ప్రోనోటుంటే 118వ సెక్షన్ ప్రకారం డబ్బు ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పు తీసుకున్నవాడు. ప్రోనోటు లేకపోతే అది అప్పే అని రుజువు చేయాల్సింది మా బావ. డబ్బు అదే, మనుషులూ వాళ్ళే. బరువు మాత్రం ఈ భుజం మీంచి ఆ భుజానికి మారింది.

ఈ 2007 చట్టంలో ఇంకొకటుంది, అందరూ తెలుసుకోవాల్సింది. 25వ సెక్షన్. నెలవారీ వాయిదాకి బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే కోసుకునేలా అనుమతిచ్చామనుకోండి, ఆ రోజు ఖాతాలో డబ్బు లేక అది తిరిగిపోతే, నోటీసు వచ్చాక 15 రోజుల్లో కట్టకపోతే, చెక్కు బౌన్సుకి పడే శిక్షే పడొచ్చు. రెండేళ్ళ దాకా. చెక్కు ఇచ్చేటప్పుడు భయపడేవాళ్ళు ఫోన్లో "ఒప్పుకుంటున్నాను" నొక్కేటప్పుడు భయపడరు.

ఇంతా చదివాక ప్రోనోటు గొప్పదని పొగుడుతున్నాననుకునేరు. దానికి రెండో వైపుంది. మా తాతయ్య ట్రంకుపెట్టెలో ఉన్న కట్ట సంగతి చెప్పాను గానీ, ఆ పెట్టెలో లేని కాగితం సంగతి చెప్పలేదు. తాతయ్య వయసులో ఉండగా ఎరువులకి అప్పు కావాల్సొచ్చి ఒకాయన దగ్గరికి వెళితే, స్టాంపు అంటించిన ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టమన్నాడట. అంకె తర్వాత వేసుకుందామన్నాడు. పెట్టేశాడు. తీసుకున్నదానికి మూడు రెట్లు వేసి దావా వేశాడు. ఎకరం పొలం పోయింది. 20వ సెక్షన్ చదివినప్పుడు ఆ ఎకరం ఎలా పోయిందో అర్థమైంది నాకు. స్టాంపు వేసిన ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇస్తే, నింపుకునే అధికారం అవతలివాడికి ఇచ్చినట్టే, స్టాంపు సరిపోయినంత మొత్తం దాకా. దానికి 118 తోడైతే ఇంకేముంది! ఆర్డరన్న మాటకి విలువిచ్చిన నిర్వచనాలే ఖాళీకి కూడా విలువిచ్చాయి. ఇవాళ్టికీ మన జిల్లాల్లో కౌలు రైతులు విత్తనాల కోసం ఖాళీ నోట్ల మీద సంతకాలు పెడుతూనే ఉన్నారు.

ఇదంతా మా బావకి చెప్పాను. అప్పు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్ళలోపు దావా వేయాలి, కాబట్టి ఇంకా ఎనిమిది నెలలే గడువుంది. ఫోన్లో ఆ స్నేహితుడు అప్పట్లో పెట్టిన సందేశాలన్నీ వెతికించాను. ఒకటి దొరికింది, "పండక్కి సర్దేస్తాలే" అని. పెట్టుబడిని ఎవరూ సర్దేయరు కదా! అది ప్రోనోటు కాదు. కానీ అప్పు అనడానికి కొంత సాక్ష్యం. అది చూపించి, కోర్టు దాకా వెళ్ళకుండా మాట్లాడుకోండని లాయరు గారే సలహా ఇచ్చారు.

ఉగాదికి ఆ స్నేహితుడు మా ఊరొచ్చాడు. చెడ్డవాడేం కాదు, చితికిపోయినవాడు. కాసేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు, తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. చివరికి వడ్డీ లేకుండా మూడు లక్షలకి ప్రోనోటు రాయడానికి ఒప్పుకున్నాడు. మా నాన్న సాక్షి. బజారుకి వెళ్ళి రెవెన్యూ స్టాంపు తెచ్చింది నేనే.

మా బావ నవ్వుతూ "ఇంత టెక్నాలజీ పెట్టుకుని చివరికి ఈ స్టాంపు బిళ్ళేనట్రా" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. స్నేహితుడు పెన్ను తీసుకుని స్టాంపు మీద సంతకం పెట్టబోతుంటే, అప్పటిదాకా మంచం మీద పడుకుని వింటున్న నాయనమ్మ లేచి కూర్చుంది. అప్పిచ్చింది తన సొంత మనవడు. అయినా ఆ కుర్రాడితోనే అంది:

"ముందు అంకె, తేదీ అన్నీ నింపారో లేదో చూసుకుని అప్పుడు పెట్టు నాయనా."